రాయడంలో ఆనందం తిరిగి దొరకాలంటే: బాలి ద్వీపంలో రచనా విడిదికి సమగ్ర మార్గదర్శి

నాకు తెలిసిన చాలామంది రచయితలు రాయడం ఆపలేదు. పత్రిక అడిగిన కథ గడువులోగా పంపుతున్నారు, వారానికో కవిత ఫేస్‌బుక్‌లో పెడుతున్నారు, కథల పోటీ ప్రకటన కనబడగానే పాత ఫైలు తీసి సవరిస్తున్నారు. పోయింది రాసేటప్పటి సంతోషం ఒక్కటే. ఎవరికి నచ్చుతుంది, ఎవరు ఏమంటారు, సంకలనంలో చోటు దొరుకుతుందా అన్న ఆలోచనలు మొదటి వాక్యం కంటే ముందే వచ్చి కూర్చుంటున్నాయి. బడిలో చదివే రోజుల్లో నోటుపుస్తకం చివరి పేజీల్లో రాసుకున్నప్పుడు ఇవేవీ లేవు.

కొన్నాళ్లు దూరంగా వెళ్లి ఆ సంతోషాన్ని వెతుక్కోవాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. ఒక్క చోటు గురించే చెబుతాను: ఇండోనేషియాలోని బాలి. ఏర్పాట్ల నుంచి తిరిగి వచ్చాక చేయాల్సిన పని వరకు వరుసగా ఉంటుంది.

మొదటి అడుగు: దేనికి వెళ్తున్నారో తేల్చుకోండి

నవల పూర్తి చేయడానికైతే ఈ పద్ధతి మీకు పనికిరాదు. అందుకు మీ ఊళ్లోనే తలుపు వేసుకునే వీలున్న గది చాలు. ఇక్కడ చెప్పేది ఫలితం అడగని పదిహేను రోజుల గురించి. విమానం టికెట్టుకు అంత డబ్బు పోసి, ఫలితం లేకపోవడమేమిటని మనసు ఎదురు తిరుగుతుంది. ఆ ప్రశ్నకు బయలుదేరే ముందే జవాబు చెప్పుకోవాలి. సంతోషాన్ని చంపింది ఫలితమే కాబట్టి, మొదట దాన్ని పక్కన పెట్టాలి. ఈ మాట మీకు నిజంగా ఒప్పుదల అయితేనే ప్రయాణం పెట్టుకోండి.

ఒక వారం చాలదు. మొదటి మూడు రోజులు అలసట తీరడానికే పోతాయి, చివరి రెండు రోజులు ఇల్లు గుర్తొస్తుంది. పన్నెండు నుంచి పదిహేను రోజులు ఉండగలిగితే మంచిది.

నిర్వాహకులు నడిపే శిబిరాలు బాలిలో చాలా ఉన్నాయి. ఉదయం యోగా, మధ్యాహ్నం పాఠం, సాయంత్రం ఒకరి రచన మీద మరొకరి విమర్శ. సంతోషం పోయి బాధపడుతున్నవారికి వాటిని సిఫారసు చేయను. విమర్శకుల నుంచి పారిపోయి వచ్చి మళ్లీ విమర్శకుల మధ్య కూర్చోవడం ఎందుకు? సొంతంగా ఏర్పాటు చేసుకునే విడిది ఖర్చులోనూ తక్కువ, మనసుకూ తేలిక.

బాలియే ఎందుకు

అక్కడ తెల్లవారగానే ఇంటి ముందు, కొట్టు మెట్ల మీద, స్కూటరు మీద, వరిచేను గట్టున లేత కొబ్బరాకుతో కుట్టిన చిన్న పళ్లేలు కనిపిస్తాయి. వాటిని చనాంగ్ సారి అంటారు. తూర్పున తెల్ల పూలు, దక్షిణాన ఎర్రవి, పడమట పసుపువి, ఉత్తరాన నీలి లేదా ఆకుపచ్చ రంగువి పెట్టి, అగరుబత్తి వెలిగిస్తారు. ఎంతో శ్రద్ధగా చేసిన ఆ పని మధ్యాహ్నానికి కోళ్ల పాలో, కాళ్ల కిందో పడిపోతుంది. మన వాకిట్లో ముగ్గులాగే మర్నాడు మళ్లీ కొత్తగా మొదలవుతుంది. చేసినవారు వెనక్కి తిరిగి చూసుకోరు.

పెద్ద పనులూ అంతే. శక నూతన సంవత్సరానికి ముందు రోజు సాయంత్రం ఊరేగించే ఓగో-ఓగో అనే రాక్షస బొమ్మలను ప్రతి పేటలోనూ యువకులు వారాల తరబడి వెదురుతో, కాగితంతో కడతారు. ఊరేగింపు అయ్యాక తగలబెడతారు. అంత్యక్రియల కోసం కట్టే ఎత్తైన గోపురాల గతీ అదే. గుడి పనులకు శిల్పులు, వాద్యకారులు, నర్తకులు కూలి తీసుకోకుండా వస్తారు. పగలు పొలంలోనో హోటల్లోనో పనిచేసినవారు రాత్రి పేట సమావేశ మందిరంలో గామెలాన్ అనే బృందవాద్యం సాధన చేస్తారు. కళ అంటే దాచిపెట్టుకోవలసిన ఆస్తి, దాని మీద మన పేరు ఉండాలి అన్న మన నమ్మకాన్ని అక్కడి జీవితం ప్రతి పూటా కదిలిస్తుంది. నన్ను ఆ ద్వీపం వైపు లాగింది ఇదే. అందమైన వరిచేలు మనకు కోనసీమలోనూ ఉన్నాయి.

మరో కారణం చాలా మామూలుది. కాఫీ బల్ల దగ్గర కూర్చుని మీరు తెలుగులో రాస్తుంటే పక్కవాళ్లు చదవలేరు. ఎవరైనా తొంగి చూసినా ఏమీ కాదు. మన ఊళ్లో ఆ ధీమా ఉండదు.

ఎప్పుడు, ఎక్కడ

ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు పొడి కాలం. జూలై, ఆగస్టుల్లో జనం విపరీతంగా ఉంటారు. మే, జూన్, సెప్టెంబరు అనువైన నెలలు. వాన అంటే ఇష్టమైతే నవంబరు నుంచి మార్చి మధ్యలో వెళ్లవచ్చు. మధ్యాహ్నం కుండపోతగా కురిసి ఆగుతుంది, ఆ వేళ గదిలో కూర్చుని రాయడం హాయిగా ఉంటుంది. కాగితం మాత్రం మెత్తబడుతుంది.

ఉబుద్ కళల పట్టణంగా పేరుపొందింది. 2004లో అక్కడ ఉబుద్ రచయితలు, పాఠకుల ఉత్సవం మొదలైంది. 2002 బాంబు దాడుల తర్వాత దెబ్బతిన్న ద్వీపానికి అది ఊరటగా వచ్చింది. ఆ ఉత్సవం జరిగే రోజుల్లో మాత్రం వెళ్లకండి. సాహిత్య సభల నుంచి విశ్రాంతి కోసమే కదా ఈ ప్రయాణం. ఉబుద్ ప్రధాన వీధుల్లో వాహనాల రద్దీ బాగా పెరిగింది. పడమటి వైపున్న పెనెస్తానన్ పల్లెలో గాని, దక్షిణాన ఉన్న న్యూ కునింగ్‌లో గాని ఉంటే పట్టణానికి నడిచి వెళ్లవచ్చు, రాత్రి నిశ్శబ్దమూ దొరుకుతుంది.

పెనెస్తానన్‌కు ఒక కథ ఉంది. 1960లలో డచ్ మూలాలున్న చిత్రకారుడు ఆరీ స్మిట్ ఆ పల్లెలో పిల్లలకు రంగులూ కాగితాలూ ఇచ్చాడు. ఎలా గీయాలో పెద్దగా చెప్పలేదు. ఆకాశం పసుపుగా, మనుషులు నీలంగా వేసినా అడ్డుపడలేదు. ఆ పిల్లల చిత్రాలే తర్వాత ‘యువ కళాకారుల’ శైలిగా ప్రసిద్ధికెక్కాయి. ఆ పల్లెకు వెళ్లే మెట్లు ఎక్కుతున్నప్పుడల్లా, రాయడం నేర్చుకుంటున్న రోజుల్లో మనకూ అలాంటి పెద్దమనిషి ఒకరు దొరికి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

ఇంకా ప్రశాంతంగా ఉండాలంటే తూర్పున సిడెమెన్ లోయ ఉంది, అగుంగ్ పర్వతం ఎదురుగా కనిపిస్తుంది. చల్లదనం కావాలంటే ఉత్తరాన కొండల మీది ముండుక్. సముద్రం కావాలంటే అమెద్. ఒక్కచోటే దిగండి. నాలుగు ఊళ్లు చుట్టే యాత్ర వేరు, విడిది వేరు.

బస విషయంలో కుటుంబం నడిపే హోమ్‌స్టేకే నా ఓటు. ఒకే ప్రహరీలో ఇంటి గుడి, వంటిల్లు, తాతయ్య గది, మీ గది ఉంటాయి. ఉదయం ఇంటి ఆడవాళ్లు నైవేద్యాలు పెట్టడం మీ వరండాలోంచే చూడవచ్చు. బుక్ చేసేముందు మూడే ప్రశ్నలు అడగండి: రాసుకోవడానికి బల్ల, కుర్చీ ఉన్నాయా? పక్కన నిర్మాణ పని జరుగుతోందా? వరండా ఉందా? రెండో ప్రశ్నను ఎవరూ అడగరు, తర్వాత అందరూ బాధపడతారు.

ఇంట్లో ఏర్పాట్లు

ఆడవాళ్లకు అన్నిటికన్నా కష్టమైన అడుగు ఇదే. ఆఫీసు పని మీద పదిహేను రోజులు వెళ్తే ఎవరూ ఏమీ అనరు. ‘రాసుకోవడానికి వెళ్తున్నాను’ అంటే ఇల్లంతా వింతగా చూస్తుంది. సంజాయిషీ ఇచ్చే గొంతుతో కాకుండా తేదీలు చెప్పే గొంతుతో మాట్లాడండి. పిల్లల బడి, పెద్దవాళ్ల మందులు, గ్యాసు బండ, పాలవాడి డబ్బులు అన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. బాధ్యత ఎవరికి అప్పగించారో వారి పేరు కూడా రాయండి. పేరు లేని పని తిరిగి మీ ఫోనుకే వస్తుంది.

ఇక్కడ కాలం మీకు సాయం చేస్తుంది. బాలి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ ఉదయం ఆరు గంటలకు ఇక్కడ మూడున్నర. మీరు తొమ్మిదిన్నర వరకు రాసుకున్నా ఇంట్లో ఇంకా ఏడే అవుతుంది. అంటే ప్రతి ఉదయం మూడు గంటలకు పైగా మిమ్మల్ని ఎవరూ పిలవరు. ఇంటికి ఫోను సాయంత్రం ఒక్కసారి చేయండి. అక్కడ తొమ్మిది, ఇక్కడ ఆరున్నర అందరికీ కుదిరే వేళ.

పత్రాలు, డబ్బు, సామాను

భారతీయులకు బాలి చేరాక వీసా ఇస్తారు. ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవచ్చు కూడా. రుసుము 5,00,000 ఇండోనేషియా రుపియా, గడువు 30 రోజులు, ఒకసారి పొడిగించుకోవచ్చు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ పర్యాటకులు 1,50,000 రుపియా ప్రత్యేక రుసుము కూడా కట్టాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారం ముందు అధికారిక వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోండి. హైదరాబాద్ నుంచి సింగపూర్ లేదా కౌలాలంపూర్ మీదుగా, విశాఖపట్నం నుంచి సింగపూర్ మీదుగా వెళ్లవచ్చు.

అక్కడి ప్లగ్గులకు గుండ్రటి రెండు పుల్లలు ఉంటాయి, మన మూడు పుల్లల ప్లగ్గు పట్టదు. అడాప్టర్ తీసుకెళ్లండి. స్కూటరు అద్దెకు తీసుకోవద్దు. అంతర్జాతీయ లైసెన్సు లేకుండా ప్రమాదం జరిగితే బీమా కూడా సాధారణంగా ఆదుకోదు, పైగా నడిస్తేనే రాయడానికి ఏదైనా దొరుకుతుంది. తిండికి ఇబ్బంది లేదు: అన్నం మూడు పూటలా దొరుకుతుంది. శాకాహారులు వారుంగ్ అనే చిన్న భోజనశాలల్లో సోయా గింజలు పులియబెట్టి చేసే టెంపే, టోఫు, వేరుశనగ ముద్దతో చేసే గాడో-గాడో అడగవచ్చు. అయితే పచ్చళ్లలో ఎండు రొయ్యల ముద్ద కలుపుతారు, అది లేకుండా ఇమ్మని ముందే చెప్పాలి. రెండు మందపాటి నోటుపుస్తకాలు, నీటికి అలుక్కుపోని బాల్‌పెన్నులు, పుస్తకాలు పెట్టుకోవడానికి ప్లాస్టిక్ సంచి. చదవడానికి ఒక్క తెలుగు పుస్తకమే, అదీ మీరు ఇదివరకే చదివి ప్రేమించినది.

మొదటి మూడు రోజులు రాయకండి

నోటుపుస్తకం సంచిలోనే ఉండనివ్వండి. నిద్ర పోండి, నడవండి, తినండి. ఉబుద్ దగ్గర ఉంటే కాంపుహాన్ గుట్ట మీది దారిలో ఎండ రాకముందే వెళ్లండి, ఆ తర్వాత అక్కడ ఫొటోల గుంపులే. వరిచేల గట్ల వెంట నడవండి. ఆ కాలువలను పంచుకునే రైతుల సంఘాలను సుబక్ అంటారు, ఆ వ్యవస్థను 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. దారిలో నైవేద్యం కనిపిస్తే దాటుకుని వెళ్లకుండా పక్కనుంచి వెళ్లండి. గుడిలోకి అడుగుపెట్టాలంటే నడుముకు వస్త్రం, దాని మీద పట్టీ కట్టుకోవాలి.

ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టకండి. ఈ ఒక్క మాటలో నేను పట్టుబట్టి ఉంటాను. ఫొటో పెట్టగానే ‘ఏం రాస్తున్నారు?’ అని అడిగేవారు వస్తారు, వారితోపాటు మీరు వదిలించుకోవాలనుకున్న సభ మొత్తం మీ వరండాలోకి వచ్చేస్తుంది.

మూడో రోజుకు చేయి దురద పెడుతుంది. అయినా నాలుగో ఉదయం వరకు ఆగండి.

రోజు ఎలా గడవాలి

నాలుగో రోజు నుంచి ఉదయం ఆరుకే వరండాలో కూర్చోండి. చేత్తో రాయండి. మనలో చాలామంది తెలుగును చేత్తో రాసి ఏళ్లు గడిచాయి. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేస్తుంది కదా. మొదటి పూట ‘క్ష’ రాయడానికి చేయి తడబడుతుంది, ఒత్తులు వంకర పోతాయి. రెండు రోజుల్లో సర్దుకుంటుంది. చేతిరాతలో వెనక్కి వెళ్లి చెరిపే మీట లేదు కాబట్టి వాక్యం ముందుకే పోతుంది.

ఎనిమిదిన్నరకు ఆపి ఫలహారం. తర్వాత మరో గంట, అంతే. మధ్యాహ్నం నడక, నిద్ర, చదువు. సాయంత్రం రాయవద్దు. ఇంకా రాయాలనిపిస్తుండగానే లేవాలి. రేపటి ఆకలి అలాగే పుడుతుంది.

స్నేహితులతో వెళ్తే ఇద్దరికి మించకండి. పగలు మాట్లాడుకోకూడదు, రాత్రి భోజనం దగ్గర కలుసుకోవాలి. రాసింది ఒకరికొకరు చదివి వినిపించుకోవచ్చు. విన్నవారు ‘మళ్లీ చదువు’ అని తప్ప మరేమీ అనకూడదు.

రాయవలసినవి

మొదటిది, చింపేయడానికి ఒక పేజీ. రోజూ ఒక పేజీ శ్రద్ధగా, మీకు చేతనైనంత బాగా రాసి, సాయంత్రం చింపేయండి. ఫొటో తీయకండి, మరో చోట ఎక్కించుకోకండి. నైవేద్యాల పళ్లేలు చూస్తూ చేయాల్సిన పని ఇది. పుస్తకాలు అచ్చయినవారికి ఇది ప్రాణసంకటంగా ఉంటుంది. ‘ఇది మంచి వాక్యం, దీన్ని ఎలా పారేయను’ అనిపిస్తుంది. అలా అనిపించిన రోజే తప్పకుండా చింపాలి. మర్నాడు అంతకంటే మంచిది రావచ్చు, రాకపోవచ్చు, కానీ వస్తుందన్న నమ్మకం మాత్రం పెరుగుతుంది. రాయడంలో సంతోషానికి నాకు తెలిసిన ఆధారం ఆ నమ్మకమే.

రెండోది, సేవకుల గొంతు. బాలి తోలుబొమ్మలాట వాయాంగ్ కులిత్‌ను వీలైతే రాత్రిపూట గుడి ఉత్సవంలో చూడండి. రాజులూ దేవతలూ ప్రాచీన జావా భాషలో మాట్లాడతారు, చూసేవారిలో చాలామందికి అది అర్థం కాదు. అందుకని పాండవుల పక్షాన త్వాలెన్, మెర్దా, ఎదుటి పక్షాన దెలెం, సంగుత్ అనే సేవకులు అదే మాటను వాడుక బాలి భాషలో, హాస్యం కలిపి చెబుతారు. బొమ్మలాడించేవాడు అప్పటికప్పుడు కల్పించేది ఎక్కువగా ఈ నలుగురి మాటల్లోనే. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క చేసే పనీ ఇలాంటిదే. నిమ్మలకుంటలో ఆ బొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మీకు బాగా తెలిసిన ఘట్టం ఒకటి తీసుకోండి. జూదం జరిగిన సభలో దీపాలు వెలిగించిన మనిషి ఆ రాత్రి ఇంటికి వెళ్లి భార్యకు ఏం చెప్పాడు? అరణ్యవాసానికి బయలుదేరే ముందు మూటలు కట్టిన ఆమె ఏమనుకుంది? మీ ఇంటి యాసలో రాయండి. పత్రికల భాష వదిలేయండి. గంభీరంగా రాసి రాసి బిగుసుకుపోయిన చేతికి ఇది మంచి మందు.

మూడోది, పేరు తెలియని వస్తువు. బాలిలో మీకు పేరు తెలియనివి అడుగడుగునా ఉంటాయి. పేరు అడగకుండా, వెతకకుండా, ఆ వస్తువును పూర్తిగా తెలుగు మాటల్లో వర్ణించండి. ఆ వెతుకులాటలో దొన్నె, దొప్ప, మట్ట, ఈనె, చేట, జల్లెడ లాంటి చిన్నప్పటి మాటలు పైకి లేస్తాయి. చుట్టూ తెలుగు వినిపించని చోట ఈ మాటలు మరింత త్వరగా వస్తాయి.

నాలుగోది, ఆకు మీద ఒక వాక్యం. బాలిలో తాళపత్రాలను లొంతార్ అంటారు. ఆ ఆకు మన తాటిచెట్టుదే. చిన్న కత్తితో అక్షరం చెక్కి, కాల్చిన గింజల మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలుస్తుంది. మన పూర్వులు గంటంతో చేసిన పనే. బాలి లిపిలోనూ హల్లు కింద హల్లు ఒత్తులుగా వేలాడుతుంది, చూడగానే చుట్టరికం తెలుస్తుంది. ఉత్తరాన సింగరాజాలో 1928లో నెలకొల్పిన గెడోంగ్ కిర్త్యా గ్రంథాలయంలో ఈ ప్రతులున్నాయి. తూర్పున తెంగనన్ గ్రామంలో ఆకు మీద చెక్కేవారు ఇంకా ఉన్నారు. వారిని అడిగి మీ పేరో, ఒక వాక్యమో తెలుగులో చెక్కి చూడండి. ఒక్కో అక్షరానికి పట్టే సమయం తెలిశాక విశేషణాలు వాటంతటవే రాలిపోతాయి. అదే గ్రామంలో గెరింగ్‌సింగ్ అనే జంట ఇకత్ బట్ట నేస్తారు. పడుగు, పేక రెండింటికీ ముందే రంగు అద్దే ఆ నేత మన పుట్టపాక తేలియా రుమాలు తెలిసినవారికి కొత్తగా ఉండదు.

ఆరో రోజో ఏడో రోజో వచ్చే దిగులు

తప్పకుండా వస్తుంది. ‘ఇంత ఖర్చు పెట్టి ఏం చేశాను? చింపేసిన కాగితాలు తప్ప ఏముంది?’ అనిపిస్తుంది. ఆ పూట పేజీలు పెంచకండి. మూసిన నవల ఫైలు తెరవకండి. రాత్రి మీ పేటలో గామెలాన్ సాధన ఎక్కడ జరుగుతుందో ఇంటివారిని అడిగి వెళ్లి ఒక మూల కూర్చోండి. వాళ్ల ముందు రాసిపెట్టిన స్వరాలు ఉండవు. గురువు వాయించి చూపిస్తాడు, వాళ్లు విని అందుకుంటారు, తప్పుతారు, నవ్వుతారు, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. ఒకే ముక్కను గంటసేపు వాయించినా ఎవరి ముఖంలోనూ విసుగు కనిపించదు. తిరిగి వచ్చి పడుకోండి. మర్నాడు దిగులు తగ్గకపోతే రాయడం మానేసి ఇంటివారితో కూర్చుని ఆకు పళ్లేలు కుట్టడం నేర్చుకోండి. చేతికి పని కావాలి, అది అక్షరమే కానవసరం లేదు.

ఒక మౌనదినం

మార్చి ప్రాంతంలో వెళ్లేవారికి అరుదైన అవకాశం ఉంది. బాలి వారి నూతన సంవత్సరం న్యేపి. మన ఉగాదిలాగే శక సంవత్సరం లెక్కే, 2023లో రెండూ మార్చి 22నే వచ్చాయి. ఆ రోజు ఉదయం ఆరు నుంచి మర్నాడు ఉదయం ఆరు వరకు దీపం వెలిగించరు, పని చేయరు, ప్రయాణించరు, వినోదం ఉండదు. విమానాశ్రయం మూసేస్తారు. 2018 నుంచి మొబైల్ ఇంటర్నెట్ కూడా ఆపుతున్నారు. పర్యాటకులు సైతం బస విడిచి వీధిలోకి రాకూడదు, పెచలంగ్ అనే కాపలాదారులు తిరుగుతుంటారు. ముందు రోజే పండ్లు, నీళ్లు తెచ్చిపెట్టుకోండి, ఇంటికి ముందుగానే ఫోను చేసి చెప్పండి. చీకటి పడ్డాక రాయలేరు కాబట్టి పగలే రాసుకోండి. రాత్రి వరండాలో కూర్చుంటే ద్వీపమంతా ఆరిన దీపాల మీద ఎన్ని నక్షత్రాలో.

ఆ తేదీలు కుదరకపోతే మీరే ఒక మౌనదినం పెట్టుకోండి. పదో రోజు దానికి సరిగ్గా సరిపోతుంది.

210 రోజులకోసారి, శనివారం నాడు, సరస్వతి పండుగ కూడా వస్తుంది. ఆ రోజు తాళపత్రాలనూ పుస్తకాలనూ ఒకచోట పేర్చి పూజిస్తారు, పూజ అయ్యేవరకు చదవరు, రాయరు. మూలా నక్షత్రం రోజున పుస్తకాలు దేవుడి దగ్గర పెట్టి ఆడుకున్న బాల్యం ఉన్నవారికి ఈ పండుగ గురించి వేరే చెప్పనక్కరలేదు. మీ నోటుపుస్తకాన్నీ ఆ పూట ఇంటివారి పుస్తకాల పక్కన పెట్టనిస్తారేమో అడగండి.

తిరిగి వచ్చాక

దిగిన మర్నాటి నుంచే ఉదయం ముప్పావుగంట, ఫోను ముట్టకముందు, అదే చేతిరాతలో రాయండి. వారం రోజులు ఆగితే ఇల్లు ఆ సమయాన్ని వెనక్కి తీసుకుంటుంది.

నోటుపుస్తకాన్ని ఒక నెల తెరవకండి, ఎవరికీ చూపించకండి. ‘బాలిలో ఏం రాశారు?’ అని అడిగితే ‘రాశాను’ అనండి చాలు. నెల తర్వాత మీరొక్కరే ఉన్న వేళ గట్టిగా చదువుకోండి. ఏ పేజీలో మీ గొంతు వేగం అందుకుందో, ఎక్కడ నవ్వొచ్చిందో అక్కడ పెన్సిలుతో చిన్న గీత పెట్టండి. బాగున్న వాక్యాలకు గీతలొద్దు, హుషారుగా సాగినవాటికే పెట్టండి. ఆ గీతల్లో ఒకదాన్ని పట్టుకుని కొత్త కథ మొదలుపెట్టండి. అది పూర్తయ్యేవరకు ఏ పత్రికకు పంపాలో ఆలోచించకండి.